సుబ్బారావు పాణిగ్రాహి: రచనకు ప్రేరణలు, ప్రభావాలు

సుబ్బారావు పాణిగ్రాహి శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటంలో పనిచేసిన విప్లవకారుడు, కవి, జముకుల కథకుడు. ఒడియా బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, పలాస ప్రాంతంలోని బొడ్డపాడులో గుడి అర్చకుడిగా బతికారు. 1969 డిసెంబరు 22న రంగమటియా కొండల్లో పోలీసు కాల్పుల్లో మరణించారు. ఆయన రచనను ఆయన రాజకీయాల నుంచి విడదీసి చదవడం కుదరదు. ఏం రాయాలన్నదే కాదు, ఏ బాణీలో రాయాలన్నది కూడా ఆ రాజకీయాలే తేల్చాయి.

ఒడియా ఇంటి భాష, సంస్కృతం పూజా భాష, తెలుగు ఊరి భాష అయిన మనిషి ఆయన. కొబ్బరి, జీడి తోటల ఉద్దానంలో పేద రైతులు, కూలీల మధ్య ఉంటూ వాళ్ల నుడికారాన్ని తనదిగా చేసుకున్నారు. అర్చకత్వం, కమ్యూనిజం ఒకే మనిషిలో ఎలా ఇమిడాయన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. గుడికి అన్ని ఇళ్ల కష్టసుఖాలూ చేరతాయి. వాటికి కారణం కర్మ కాదు, భూమీ అప్పూ అన్న వివరణ ఆయనకు కమ్యూనిస్టు పార్టీలో దొరికింది. ఉద్యమ నాయకుడు పంచాది కృష్ణమూర్తిది కూడా బొడ్డపాడే.

సాహిత్యంలో ఆయనకు ముందు రెండు దారులు పడి ఉన్నాయి. ఒకటి, విశాఖపట్నం నుంచి వచ్చిన శ్రీశ్రీ 'మహాప్రస్థానం' వేసిన అభ్యుదయ కవితా మార్గం. రెండోది, 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను రాజకీయ ప్రచారానికి మలిచిన తీరు. పాణిగ్రాహి ఎక్కువగా రెండో దారినే నడిచారు, కానీ బుర్రకథ దగ్గర ఆగలేదు. ఉత్తరాంధ్ర పల్లెలకు సొంతమైన జముకుల కథను అందుకున్నారు. తోలు బిగించిన డబ్బాకు కట్టిన తీగను మీటుతూ, వంత పాటతో ఎల్లమ్మ వంటి అమ్మవార్ల కథలు రాత్రంతా చెప్పే కళ అది. వినేవాళ్లకు చదువు రాకపోయినా అందులోని మలుపులు, వంతలు ముందే తెలుసు. అందువల్ల కొత్త విషయాన్ని పాత చెవి వెంటనే పట్టుకుంటుంది. శ్రీకాకుళం గిరిజనుల పోరాటాన్నే ఆయన జముకుల కథగా కట్టారు. రూపాన్ని ఎంచుకోవడంలోని ఈ తెలివే ఆయన రచనలో అన్నిటికన్నా విలువైనదని చెప్పవచ్చు.

కథకు వస్తువు కొండల నుంచి వచ్చింది. పార్వతీపురం, పాలకొండ, పాతపట్నం ప్రాంతాల తూర్పు కనుమల్లో సవరలు, జాతాపులు కొండపోడు చేసుకుని బతికేవారు. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు ఉప్పుకూ బట్టకూ అప్పులిచ్చి, వడ్డీ కింద పంటనూ చివరకు భూమినీ పట్టుకుపోయేవారు. ఏజెన్సీలో భూమి చేతులు మారకుండా 1959లో చేసిన చట్టం చాలావరకు కాగితం మీదే ఉండిపోయింది. ఉపాధ్యాయుడు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం గిరిజన సంఘాన్ని నిర్మించి కూలి రేట్లు, పోడు భూములు, వెట్టిచాకిరీ మీద పోరాటాలు నడిపారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళ్తున్న గిరిజనులపై లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ కేసులో నిందితులను 1968లో కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. న్యాయస్థానం మీద, శాసనసభ మీద మిగిలిన ఆశను ఈ తీర్పు చాలామందిలో తుడిచిపెట్టింది.

పాణిగ్రాహి అసమ్మతి ప్రభుత్వంతో మాత్రమే కాదు, సొంత పార్టీతో కూడా. శ్రీకాకుళం కార్యకర్తలు మార్క్సిస్టు పార్టీ ఎన్నికల పంథాను తిరస్కరించారు. 1968 నవంబరు 25న పెదగొత్తిలిలో భూస్వామి ఇంటిపై దాడితో సాయుధ పోరాటం మొదలైంది. 1969 ఏప్రిల్ 22న ఏర్పడిన సీపీఐ (ఎంఎల్)లో ఈ జిల్లా ఉద్యమం భాగమైంది. సాయుధ పోరాటాన్ని ఏ తీరున నడపాలన్న విషయంలో కమ్యూనిస్టు నేత తరిమెల నాగిరెడ్డి వర్గం వీరితో విభేదించింది. ఆ కాలపు పాణిగ్రాహి పాటల్లో సందేహానికి చోటు తక్కువ. ఎరుపును చూసి జడిసేవారిపై ఆయన కట్టిన పాట పోరాట ప్రాంతం దాటి తెలుగునాడంతా తిరిగింది. చిన్న పాదాలు, తేలిక మాటలు, ఒకసారి వింటే నోటికి వచ్చే లయ దాని బలం.

ఈ రచనకు ఒక పరిమితి ఉంది. కథ తెలుగులో నడిచింది; సవరల ఇంటి మాట వేరు. గిరిజనుల తరఫున మాట్లాడిన గొంతు బలంగా వినిపించింది గానీ, ఆ కొండల సొంత పాట తెలుగు అచ్చులోకి అంతగా రాలేదు. ఆ లోటు పాణిగ్రాహి ఒక్కరిది కాదు, అప్పటి తెలుగు సాహిత్యం మొత్తానిది.

రంగమటియాలో ఆయనతో పాటు మరణించినవారిలో కృష్ణమూర్తి భార్య పంచాది నిర్మల ఉన్నారు. అది ఎదురుకాల్పులని పోలీసులు ప్రకటించగా, పట్టుకుని కాల్చారని ఉద్యమకారులు ఆరోపించారు. రెండు నెలలకు, 1970 ఫిబ్రవరిలో, శ్రీశ్రీ షష్టిపూర్తి సందర్భంగా విశాఖ విద్యార్థులు రచయితలను మీరు ఎటువైపని నిలదీస్తూ కరపత్రం వేశారు. ఆ ఏడాది జులై 4న శ్రీశ్రీ అధ్యక్షుడిగా విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. జానపద బాణీని రాజకీయ పాటగా మలిచే పనిని పార్వతీపురం ప్రాంతానికే చెందిన వంగపండు ప్రసాదరావు ఆ తర్వాతి దశాబ్దాల్లో కొనసాగించారు.