చుక్కల లెక్కకు ఉడుత సాయం



వాల్మీకంలో కానరాని ఉడుత రంగనాథ రామాయణంలో సేతుబంధన వేళ ప్రత్యక్షమవుతుంది. ఇసుక రేణువులు మోసిన ఆ చిరుప్రాణి వీపును శ్రీరాముడు నిమిరాడనీ, ఆ చారలు నేటికీ నిలిచి ఉన్నాయనీ మన పెద్దలు చెబుతారు. ఆ కథలో సేవ ఎంత ముఖ్యమో, సేవకు గుర్తింపు కూడా అంత ముఖ్యం. ఖగోళశాస్త్ర చరిత్రలోనూ ఇటువంటి ఉడుతలు ఉన్నారు. వారిలో కొందరి వీపున చారలు పడ్డాయి, పెక్కుమందికి పడలేదు.

1993లో అమెరికా శాసనసభ, గ్రహాంతరవాసుల సంకేతాల అన్వేషణకు నాసాకు ఇస్తున్న ధనాన్ని నిలిపివేసింది. అన్వేషణ ఆగలేదు గాని, రేడియో దూరదర్శిని పట్టిన అపార సమాచారాన్ని జల్లెడ పట్టడానికి తగిన మహాకంప్యూటరును కొనే స్తోమత పరిశోధకులకు లేకపోయింది. అప్పుడు కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఒక ఉపాయం రూపుదిద్దుకుంది. లోకంలో లక్షలాది గృహాలలో కంప్యూటర్లున్నాయి. యజమాని కాఫీ తాగడానికి లేచినా, నిద్రించినా అవి ఊరక వెలుగుతూ ఉంటాయి. ఆ వ్యర్థకాలాన్ని యాచిస్తే? డేవిడ్ ఆండర్సన్, డాన్ వర్థైమర్ ప్రభృతులు ఈ ఆలోచనను సాకారం చేసి, 1999 మే 17న ‘సెటి ఎట్ హోమ్’ను ప్రారంభించారు.

దాని పనితీరు సులభగ్రాహ్యం. ప్యూర్టోరికోలోని అరెసిబో దూరదర్శిని 1420 మెగాహెర్ట్‌జ్‌ల చెంత, అనగా ఉదజని సహజంగా పలికే స్థాయి చెంత, 2.5 మెగాహెర్ట్‌జ్‌ల మేర ఆకాశధ్వనిని టేపుల మీదికి ఎక్కించేది. ఆ టేపులు తపాలాలో బర్క్‌లీ చేరేవి. అక్కడ ఆ పట్టీని 256 భాగాలుగా చీల్చి, ఒక్కొక్క దానిని సుమారు 107 సెకనుల తునకలుగా కోసి ఇంటింటికీ పంపేవారు. భూభ్రమణాదుల వలన సంకేతపు పౌనఃపున్యం జారుతుంది కనుక, ఎన్నో జారుడు రేట్లను ఊహించి ప్రతిదానికీ లెక్క తిరిగి చేయాలి. శ్రమంతా అక్కడే. ఒక్క తునకను మాత్రం ఒక్కరినే నమ్మి వదలలేదు. ఇద్దరు ముగ్గురికి పంపి, జవాబులు సరిపోలితేనే స్వీకరించేవారు. యంత్రాలూ పొరబడతాయి, మనుషులూ అతితెలివికి పోతారు గదా! కాలక్రమాన 50 లక్షల మందికి పైగా ఇందులో చేరారు.

ఇది నూతన యుగపు వింత అని లోకం అబ్బురపడింది. వింత నిజమే, నూతనత్వం మాత్రం యంత్రానిదే. పని పంచుకొని ఆకాశాన్ని లెక్కించే ప్రయత్నం అంతకు నూరేళ్ళకు పూర్వమే మొదలయింది.

1887లో పారిస్ నగరంలో సమావేశమైన ఖగోళజ్ఞులు, అక్కడి వేధశాలాధిపతి ఎడ్మిరల్ మూషే పూనికతో, సమస్త నభోమండలాన్నీ ఛాయాచిత్రాలలో బంధించాలని సంకల్పించారు. ఆకాశాన్ని అడ్డపట్టీలుగా విభజించి వివిధ దేశాల వేధశాలలకు పంచారు. ఒక్కొక్క గాజు ఫలకంపై రెండు డిగ్రీల చదరం. ప్రతి నక్షత్రమూ కనీసం రెండు ఫలకాలపై పడేలా వాటిని ఒకదానిపై ఒకటి ఒరసి అమర్చారు. ఒక ఫలకపు కొలతకు మరొకటి సాక్షి అన్నమాట. బర్క్‌లీవారు ఒకే తునకను ఇద్దరికి పంపడంలో ఉన్న నీతి ఇదే.

ఈ మహాయజ్ఞంలో మన హైదరాబాదు కూడా హవిస్సు వేసింది. చిలీ దేశపు సాంటియాగో వేధశాల తన వాటాను నిర్వహించలేకపోగా, దక్షిణాన 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ నిజామియా వేధశాలకు దక్కింది. 1901లో నవాబు జఫర్ జంగ్ నెలకొల్పగా 1908లో నిజాం ప్రభుత్వ పరమైన సంస్థ అది. బేగంపేటలో ఎనిమిది అంగుళాల కుక్ దూరదర్శినితో ఫలకాలు తీశారు. చాట్‌వుడ్, పోకాక్, ఆపై టి. పి. భాస్కరన్ అధ్యక్షతన దశాబ్దాల తరబడి సాగిన కృషి ఏడు లక్షలకు పైబడిన నక్షత్రాల పట్టికగా వెలువడింది. ఆ సంపుటాలలో అధ్యక్షుల పేర్లు సుప్రసిద్ధాలు. సూక్ష్మదర్శినిలో కన్నుపెట్టి ఒక్కొక్క చుక్కను కొలిచినవారిని, కొలతలను కాగితం మీదికి ఎక్కించినవారిని ఎవరు తలుస్తున్నారు?

వాటికన్ వేధశాల ఉదంతం ఇందుకు సాక్ష్యం. అక్కడ 1910 నుండి 1921 వరకు నలుగురు సన్యాసినులు 4,81,215 నక్షత్రాల స్థానాలను కొలిచారు. ‘సన్యాసినులు’ అన్న మాట తప్ప వారి పేర్లు లోకానికి తెలియలేదు. ఎమీలియా పొంజోని, రెజీనా కొలంబో, కొన్చెత్తా ఫినార్ది, లూయిజా పాంచెరి అన్న ఆ నాలుగు పేర్లు పాత దస్త్రాల నుండి బయటపడి ప్రకటితమైనది 2016లో!

2005 ఫిబ్రవరి 19న బ్రూస్ అలెన్ నాయకత్వాన ‘ఐన్‌స్టీన్ ఎట్ హోమ్’ ప్రారంభమైంది. గురుత్వ తరంగాల కొరకు లైగో పరికరాల సమాచారాన్ని జల్లించడం దాని ప్రథమోద్దేశం. 2009 నుండి అరెసిబో సమాచారంలో పల్సార్లను కూడా వెదకసాగారు. 2010లో సెకనుకు సుమారు 41 మార్లు తిరిగే ఒక పల్సారు దొరికింది. అమెరికాలోని అయోవా రాష్ట్రపు దంపతుల యంత్రమూ, జర్మనీలోని మైన్‌జ్ నగరవాసి యంత్రమూ దాని జాడను పట్టాయి. ‘సైన్స్’ పత్రికలో ఆ వార్త వెలువడినప్పుడు ఆ ముగ్గురి పేర్లనూ ప్రకటించారు. వారు శాస్త్రజ్ఞులు కారు, సామాన్య గృహస్థులు. నా దృష్టిలో పల్సారు ఎంత గొప్ప ఫలమో, ఆ పేర్ల ప్రకటన అంత గొప్ప ధర్మం.

మరి ఫలం దక్కనివారి మాటేమిటి? ‘సెటి ఎట్ హోమ్’ 2020 మార్చి 31న కొత్త తునకలు పంపడం ఆపింది. అదే ఏడు డిసెంబరు 1న అరెసిబో దూరదర్శిని కూలిపోయింది. పోగుపడిన సుమారు 1200 కోట్ల సంకేతాలను వడగట్టి, మిగిలిన వందింటిని చైనాలోని ఫాస్ట్ దూరదర్శినితో మరల పరిశీలించసాగారు. గ్రహాంతరవాసుల పలుకరింపు ఏదీ ఖాయం కాలేదు. ఐనా ఆకాశంలో ఏ స్థాయి సంకేతం ఎక్కడ లేదో తెలియడం కూడా జ్ఞానమే.

పాత పట్టికల విషయంలో కాలమే జవాబు చెప్పింది. హిప్పార్కస్ ఉపగ్రహం తెచ్చిన కొలతలను నూరేళ్ళనాటి ఆ స్థానాలతో పోల్చి, 2000లో టైకో-2 పట్టికను వెలువరించారు. ఒక చుక్క నాడు ఎక్కడ ఉండెనో తెలిస్తేనే నేడు ఎంత కదిలెనో తెలుస్తుంది. అలా 25 లక్షల నక్షత్రాల గమనం లెక్కకు అందింది. అందులో బేగంపేటలో కొలిచినవారి చూపు కూడా కలిసి ఉన్నది. తమ కొలత ఒక ఉపగ్రహానికి తోడు నిలుస్తుందని వారు కలలోనైనా ఊహించి ఉండరు.

కనుక పదిమంది సాయంతో లెక్క చేయబూనిన ఏ సంస్థకైనా ధర్మాలు మూడు: పనిని ఇంటివారు మోయగలిగినంత తునకగా కోయడం, ప్రతి తునకకూ రెండో సాక్షిని ఉంచడం, మోసినవాని పేరు రాసి ఉంచడం. మొదటి రెండింటినీ 1887నాటివారే ఎరుగుదురు. మూడవదానికి నూటపాతికేళ్ళు పట్టింది.