బీటలువారిన బాయిలర్లతో గెలిచిన ఓడ

1971 యుద్ధంలో విశాఖ సముద్రంలో మునిగిపోయిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన సినిమా దాన్ని ఇంటింటికీ చేర్చింది. అయితే ఘాజీ కరాచీలో బయలుదేరి, శ్రీలంకను చుట్టి, బంగాళాఖాతం దాకా వచ్చింది విశాఖను కొట్టడానికి కాదు, ఒక ఓడను వెతుక్కుంటూ. ఆ ఓడ పేరు ఐఎన్ఎస్ విక్రాంత్. మన నౌకాదళానికి అప్పట్లో ఉన్న ఒకే ఒక్క విమానవాహక నౌక. దాన్ని ముంచితే తూర్పు తీరంలో భారత్ చెయ్యి విరిగినట్టేనని పాకిస్థాన్ లెక్క. ఆ లెక్కలో తప్పేమీ లేదు. కాకపోతే ఘాజీ వచ్చేసరికి విక్రాంత్ విశాఖలో లేదు.

యుద్ధంలో శత్రువు అంతగా భయపడిన ఆ ఓడను శాంతికాలంలో మనమే తుక్కుకు అమ్ముకున్నాం. ఈ రెండు ముక్కలూ కలిపి చదివితేనే విక్రాంత్ చరిత్ర పూర్తవుతుంది.

మూడేళ్ల ఆయుష్షుతో పుట్టి

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా బ్రిటన్‌కు విమానవాహక నౌకలు అర్జెంటుగా కావలసివచ్చాయి. పెద్దవి కట్టే టైము లేదు. చిన్నవీ, తేలికైనవీ, మామూలు షిప్‌యార్డుల్లో సైతం చకచకా కట్టగలిగేవీ చాలనుకున్నారు. యుద్ధం గట్టెక్కడానికి మూడేళ్లు పనిచేస్తే చాలు, ఆ తర్వాత పారేసినా ఫరవాలేదన్న లెక్కతో గీసిన డిజైన్ అది. ఆ వరసలో మెజెస్టిక్ తరగతి నౌకలు ఆరు మొదలయ్యాయి. టైన్ నది ఒడ్డున వికర్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ యార్డులో 1943 అక్టోబరు 14న పని మొదలైన ఓడకు హెర్క్యులిస్ అని పేరు పెట్టారు. 1945 సెప్టెంబరులో అది నీళ్లలోకి దిగేనాటికి యుద్ధమే ముగిసిపోయింది. మరుసటి ఏడు పని ఆపేశారు. పూర్తికాని ఓడ పదేళ్లపాటు ఒక మూలన లంగరేసి పడి ఉంది.

1957లో భారత్ దాన్ని కొనుక్కుంది. బెల్‌ఫాస్ట్‌లోని హార్లండ్ అండ్ వుల్ఫ్ యార్డులో మిగతా పని పూర్తిచేయించింది. పదేళ్ల ఆలస్యం ఒక రకంగా కలిసొచ్చింది. ఈలోగా జెట్ విమానాలు వచ్చాయి. వాటికి కావలసిన, ఓరగా మలిచిన డెక్కు, ఆవిరితో విమానాన్ని విసిరే కాటపుల్ట్, పైలట్‌కు దిగే దారి చూపే అద్దాల అమరిక, అన్నీ కట్టేటప్పుడే చేర్చేశారు. 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో నాటి భారత హైకమిషనర్ విజయలక్ష్మీ పండిట్ చేతుల మీదుగా ఐఎన్ఎస్ విక్రాంత్ సేవలోకి వచ్చింది. తొలి కెప్టెన్ ప్రీతమ్ సింగ్ మహింద్రూ. మే 18న డెక్కు మీద తొలి జెట్‌ను దింపిన లెఫ్టినెంట్ ఆర్.హెచ్.తహిలియాని తర్వాత నౌకాదళాధిపతి అయ్యారు. నవంబరు 3న ఓడ బొంబాయి చేరింది.

మొత్తం పొడవు 213 మీటర్లు. నిండా బరువెక్కితే 19,500 టన్నులు. దాని మీద ఉన్నవి ముఖ్యంగా రెండు రకాల విమానాలు. ఒకటి బ్రిటన్ తయారీ సీ హాక్, ఒక్కడే నడిపే ఫైటర్ జెట్. రెండోది ఫ్రాన్స్ నుంచి తెచ్చిన అలిజే, ముగ్గురు కూర్చునే ప్రొపెల్లర్ విమానం, జలాంతర్గాములను వేటాడటానికి.

డెక్కు మీద బతుకు

నేల మీద రన్‌వే కదలదు. ఓడ మీద రన్‌వే ముందుకు పోతుంటుంది, పక్కలకు ఊగుతుంటుంది, అలకు లేచి పడుతుంటుంది. విమానం లేవాలంటే ముందు ఓడ గాలికి ఎదురు తిరగాలి. ఎదురుగాలి వేగం, ఓడ వేగం రెండూ కలిస్తేనే రెక్కలకు చాలినంత పట్టు దొరుకుతుంది. కాటపుల్ట్ ముందున్న గాడిలోకి విమానాన్ని తెచ్చి నిలబెడతారు. దాన్నీ గాడిలోని కొక్కేన్నీ ఉక్కు తాడుతో కడతారు. పైలట్ ఇంజిన్‌ను పూర్తిగా రెచ్చగొట్టి చెయ్యెత్తి సైగ చేస్తాడు. డెక్కు ఆఫీసరు జెండా కిందికి దింపగానే బాయిలర్ల నుంచి వచ్చిన ఆవిరి పిస్టన్లను తన్నుతుంది. కొన్ని సెకన్లలో విమానం ఓడ అంచు దాటేస్తుంది.

దిగడం ఇంకా కష్టం. తోక కింద వేలాడే కొక్కెం డెక్కుకు అడ్డంగా కట్టిన తీగల్లో ఒకదాన్ని పట్టుకోవాలి. చక్రాలు డెక్కును తాకగానే పైలట్ ఇంజిన్ తగ్గించడు, పెంచుతాడు. తీగ తప్పిపోతే మళ్లీ గాల్లోకి లేవాలి కదా, అందుకు. మిగతా వాహనాలన్నీ ఆగేటప్పుడు వేగం తగ్గిస్తాయి. ఇక్కడ ఆగుతానన్న నమ్మకం కుదిరాకే తగ్గించాలి.

ఇదంతా ఆవిరి మీద ఆధారపడిన పని. ఓడ నడవడానికి ఆవిరే, విమానం లేవడానికీ ఆవిరే. బాయిలర్లు చెడితే రెండూ పోతాయి. సరిగ్గా అదే జరిగింది.

1965 మచ్చ, 1970 బీట

1961 డిసెంబరులో గోవా విముక్తి సమయంలో విక్రాంత్ ఆ తీరంలో గస్తీ తిరిగింది. బయటి దేశాలు వేలు పెట్టకుండా కాపు కాసింది తప్ప కాల్పులు జరపాల్సిన అవసరం రాలేదు. 1965 యుద్ధం వచ్చేసరికి బొంబాయి డ్రై డాక్‌లో మరమ్మతుల్లో ఉంది. విక్రాంత్‌ను ముంచేశామని పాకిస్థాన్ ప్రకటించుకుంది కూడా. డాక్‌లో ఉన్న ఓడను ఎలా ముంచారో వాళ్లకే తెలియాలి. అబద్ధం సంగతి అలా ఉంచితే, యుద్ధంలో తమ పెద్ద ఓడ కదలలేదన్న మాట మాత్రం నౌకాదళాన్ని ముల్లులా గుచ్చుతూనే ఉంది.

1970లో బాయిలర్ల నీటి డ్రమ్ముల్లో బీటలు బయటపడ్డాయి. వాటిని ఇక్కడ అతకడం కుదరలేదు, కొత్తవి బ్రిటన్ నుంచి రావాలి. మళ్లీ చెప్పేదాకా బాయిలర్లు వెలిగించవద్దన్నారు. నెలల తరబడి ఓడ బొంబాయిలో కట్టేసి ఉంది. ఇంకోవైపు తూర్పు పాకిస్థాన్‌లో, అంటే నేటి బంగ్లాదేశ్‌లో, అశాంతి ముదురుతోంది.

1971 ఫిబ్రవరి నెలాఖరున కొత్త డ్రమ్ములు రాకుండానే ఓడను కదిలించారు. మార్చి 1న తక్కువ ఒత్తిడితో బాయిలర్లు వెలిగించారు. అదే రోజు కాటపుల్ట్‌ను పరీక్షించారు. ఏప్రిల్ నాటికి హద్దులు గీసుకున్నారు. ఆవిరి ఒత్తిడి 400 పీఎస్ఐ దాటకూడదు. అంటే ఓడ వేగం 14 నాట్లు. 24 నాట్లు పైబడి పరుగెత్తాల్సిన ఓడ అది. తర్వాత మెల్లమెల్లగా ఇంకొంచెం పెంచారు. గాలి లేని రాత్రుల్లో బరువైన అలిజేలను లేపడం పరీక్షే. అయినా నౌకాదళాధిపతి అడ్మిరల్ ఎస్.ఎం.నందా ఓడను పడమటి తీరం నుంచి తీసి తూర్పుకు పంపారు. పాకిస్థాన్ బలం ఎక్కువగా ఉన్న అరేబియా సముద్రంలో కుంటి ఓడను దింపడం ప్రమాదం. బంగాళాఖాతంలో అదే ఓడ శత్రువు దారులన్నీ మూసేయగలదు. ఆ యుద్ధంలో తీసుకున్న తెలివైన నిర్ణయాల్లో అదొకటి.

విశాఖలో ఆడిన నాటకం

బంగాళాఖాతం దాకా వచ్చి వేటాడే సత్తా పాకిస్థాన్ జలాంతర్గాముల్లో ఘాజీ ఒక్కదానికే ఉంది. అది ఒకప్పటి అమెరికా జలాంతర్గామి డయాబ్లో. నవంబరు 14న కరాచీలో బయలుదేరింది. తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ విక్రాంత్‌ను గుట్టుగా అండమాన్ దీవుల చాటుకు చేర్చి, విశాఖలో ఉన్నట్టు నాటకం మొదలుపెట్టారు.

ఐఎన్ఎస్ రాజ్‌పుత్ రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత డిస్ట్రాయర్. దాన్ని విశాఖ బయట సముద్రంలోకి పంపి, విక్రాంత్ పంపే స్థాయిలో జోరుగా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. జలాంతర్గామి వింటుందని తెలిసే. ఊళ్లో కాంట్రాక్టర్లకు పెద్ద ఎత్తున కూరగాయలు, మాంసం ఆర్డరిచ్చారు. ఇంత సరుకు తినే ఓడ ఏదో రేవులో ఉందని బజారంతా అనుకోవాలి, ఆ మాట గూఢచారి చెవిన పడాలి. అంతకన్నా చక్కని ఎత్తు ఇంకొకటి వేశారు. విక్రాంత్‌లోని నావికుడు తల్లికి జబ్బుగా ఉందని ఆరా తీస్తున్నట్టు ఒక ప్రైవేటు సందేశాన్ని, రహస్య భాషలో కాకుండా మామూలు మాటల్లో పంపారు. యుద్ధ వేళలో ఇలాంటి పొరపాటు చేసేవాడు నిజమైన నావికుడే అయి ఉంటాడని శత్రువు నమ్మాలి.

ఘాజీ నమ్మింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు ముఖద్వారం దగ్గర పెద్ద పేలుడు జరిగింది. తీరంలోని ఇళ్ల కిటికీలు అదిరాయి. తెల్లవారాక జాలర్లు సముద్రంలో తేలుతున్న శకలాలు, లైఫ్ జాకెట్ తెచ్చి చూపించారు. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ ఛార్జీలే ముంచాయని భారత నౌకాదళం చెబుతుంది. ప్రమాదవశాత్తూ లోపలే పేలిందనో, తాను పరిచిన మందుపాతరకే తగిలిందనో పాకిస్థాన్ అంటుంది. సినిమాలో చూపించినట్టు మన జలాంతర్గామి వెళ్లి ముంచడమన్నది కథకులు అల్లుకున్నది. ఏది ఎలా జరిగినా, విక్రాంత్ లేని చోట విక్రాంత్ కోసం ఘాజీ మునిగింది.

ఆ పది రోజులు

డిసెంబరు 4 ఉదయం ఎనిమిది సీ హాక్‌లు విక్రాంత్ మీద నుంచి లేచి కాక్స్ బజార్ విమానాశ్రయాన్ని కొట్టాయి. అదే మధ్యాహ్నం చిట్టగాంగ్ రేవు వంతు. రాత్రుళ్లు అలిజేలు బాంబులతో వెళ్లాయి. తర్వాతి రోజుల్లో ఖుల్నా, చాల్నా, మోంగ్లా రేవుల దాకా దాడులు సాగాయి. రన్‌వేలకు చిల్లులు పడ్డాయి, ఓడలు రేవుల్లోనే మునిగాయి. తూర్పున చిక్కుకున్న పాకిస్థాన్ సేనలకు సముద్రం మీదుగా సాయం రాలేదు, పారిపోయే దారీ దొరకలేదు. డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు జరిగింది. భూమ్మీద సైన్యం గెలిచింది నిజమే. ఆ గెలుపు పదమూడు రోజుల్లో తేలడానికి సముద్రపు తలుపు బిగించినవాళ్లలో ముందున్నది విక్రాంత్.

ఓడ కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్‌కూ, సీ హాక్ స్క్వాడ్రన్‌ను నడిపిన లెఫ్టినెంట్ కమాండర్ సంతోష్ కుమార్ గుప్తాకూ మహావీర చక్రాలు దక్కాయి. ఓడ మొత్తానికి వచ్చిన వీర చక్రాలు 12.

పెన్షన్ లేని ముసలితనం

1980లలో ఓడకు సీ హారియర్లు వచ్చాయి. వాటిని ఎక్కించడానికి కాటపుల్ట్ తీసేసి ముందు భాగాన్ని వాలుగా పైకి లేపారు. 1987లో బ్రిటన్ నుంచి కొన్న విరాట్ చేరాక విక్రాంత్ రెండో స్థానానికి జరిగింది. 1994 నవంబరు 23న చివరిసారి సముద్రంలోకి వెళ్లింది. 1997 జనవరి 31న జెండా దించారు. మూడేళ్లు బతికితే చాలనుకున్న డిజైన్ 36 ఏళ్లు సేవ చేసింది.

2001లో ముంబైలో నీటి మీదే మ్యూజియంగా తెరిచారు. పాత విమానాలు పెట్టారు, జనం వచ్చారు. కానీ నీళ్లలో ఉన్న ఉక్కుకు ఏటా మరమ్మతు కావాలి. నౌకాదళం ఆ ఖర్చు తన బాధ్యత కాదంది. మహారాష్ట్ర ప్రభుత్వం ఇంత సొమ్ము పెట్టలేనంది. పెట్టుబడిదారులు ముందుకు రాలేదు. 2012లో ప్రమాదకరమని సందర్శకులను ఆపేశారు. తర్వాత వేలం వేస్తే సుమారు 60 కోట్లకు పోయింది. అమ్మకాన్ని ఆపాలంటూ కోర్టుకెక్కినవాళ్లకు హైకోర్టులోనూ, సుప్రీంకోర్టులోనూ ఊరట దక్కలేదు. 2014 మే నెలలో దారుఖానా తుక్కు యార్డుకు లాక్కెళ్లారు, ఆ ఏడాది నవంబరులో కోయడం మొదలుపెట్టారు. ఆ ఉక్కులో కొంత 2016లో బజాజ్ వీ15 మోటార్‌సైకిల్ పెట్రోలు ట్యాంకుగా మారింది. కొంత ముంబై డాక్‌యార్డ్ దగ్గర చిన్న స్మారకంగా నిలిచింది.

పాఠం నేర్చుకున్నామా అంటే లేదు. 2017లో విరాట్ రిటైరైంది. దాన్ని విశాఖకు తెచ్చి మ్యూజియం చేస్తామని ఆంధ్రప్రదేశ్ ముందుకొచ్చి ఆగిపోయింది. మహారాష్ట్ర మంత్రివర్గం 852 కోట్ల ప్రణాళికకు ఆమోదం తెలిపి వదిలేసింది. 2020లో 38 కోట్ల 54 లక్షలకు అమ్ముడై విరాట్ కూడా అలంగ్‌లోని తుక్కు యార్డు చేరింది.

కాపాడుకోవడం మన చేత కాదా? విశాఖ ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర ఉంది. 1971 యుద్ధంలో తిరిగిన జలాంతర్గామే. 2001 ఫిబ్రవరిలో రిటైరైతే, ఏడాదిన్నర తిరగకుండానే ఒడ్డుకు లాగి 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. నేటికీ జనం టికెట్టు కొని లోపల తిరుగుతున్నారు, నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు దగ్గరుండి వివరిస్తున్నారు. 91 మీటర్ల జలాంతర్గామితో 213 మీటర్ల ఓడకు పోలిక కుదరదన్నది నిజమే. కానీ అమెరికాలో శాండియేగో తీరాన మిడ్‌వే అంతకన్నా పెద్దది. రిటైరైన పన్నెండేళ్లకు, 2004లో ఒక స్వచ్ఛంద సంస్థ దాన్ని మ్యూజియంగా తెరిచి టికెట్లతో, విరాళాలతో నడుపుతోంది. తేడా ఓడ సైజులో లేదు. ఓడ ఎవరిది, ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు ముందే జవాబు రాసుకోవడంలో ఉంది. విక్రాంత్ విషయంలో ఆ జవాబు 15 ఏళ్లు వాయిదా పడింది. ఈలోగా తుప్పు తన పని తాను చేసుకుపోయింది.

2022 సెప్టెంబరు 2న కొచ్చిలో కొత్త విక్రాంత్ సేవలోకి వచ్చింది. స్వదేశంలో కట్టిన తొలి విమానవాహక నౌక. పాత పేరు, పాత ఆర్11 నంబరు, రుగ్వేదం నుంచి తీసుకున్న పాత నినాదం అన్నీ దానికే ఇచ్చారు. పేరు నిలబెట్టుకున్నాం, సంతోషం. మన రెండో విమానవాహక నౌక విక్రమాదిత్య సోవియట్ కాలంలో, 1987లో సేవలో చేరిన ఓడ. దానికీ రిటైర్మెంట్ వస్తుంది. దాన్ని ఎక్కడ నిలపాలో, ఏటా అయ్యే ఖర్చు ఎవరు భరించాలో కేంద్రం, రాష్ట్రాలు ఇప్పుడే కూర్చుని తేల్చుకోవాలి. జెండా దించాక మొదలుపెట్టే చర్చ వేలం పాటతోనే ముగుస్తుందని రెండు ఓడలు ఇప్పటికే రుజువు చేశాయి.