గుప్పెడు బియ్యం

బెంగళూరులో కొన్నాళ్ళు నా రూమ్మేట్ ఒక మిజో కుర్రాడు. వాళ్ళమ్మగారు చూడ్డానికొచ్చి ఓ వారం ఉన్నారు. ఆవిడ కుక్కర్లోకి బియ్యం కొలిచి, మళ్ళీ అందులోంచి ఓ గుప్పెడు తీసి పక్కన డబ్బాలో పోసేవారు. పూటపూటా ఇదే తంతు. కొలత తప్పుతున్నారేమో అనుకున్నా. అడిగితే మావాడు "అది దేవుడి వాటా" అన్నాడు. చిన్నప్పుడు ఇంట్లో ఆ గుప్పెడు తీసే పని వాడిదేనట!

దీన్ని వాళ్ళు 'బుహ్‌ఫై థమ్' అంటారు. గుప్పెడు బియ్యం అనే అర్థం. మిజోరాంలో ప్రెస్బిటేరియన్ చర్చి ఆడవాళ్ళు 1910లో మొదలుపెట్టారు. ఆ కొండల్లో మిషనరీలు స్థిరపడింది 1894లో, అంటే అప్పటికి పదహారేళ్ళే. జనం చేతుల్లో డబ్బు పెద్దగా ఆడని రోజులు, ఆడవాళ్ళ చేతుల్లో మరీను. వాళ్ళ చేతిలో ఉన్నదల్లా వంటిల్లు, అందులోంచే ఇచ్చారు. ఇంటింటా తిరిగి ఆ బియ్యం పోగుచేసి, అమ్మి, డబ్బు చర్చి పనులకి వాడేవాళ్ళు.

అసలు పరీక్ష ఆ మరుసటేడే వచ్చింది. 1911-12లో కొండల్లో వెదురు పూసింది. ఆ గింజలు తిని ఎలుకలు విపరీతంగా పెరిగి, పైర్ల మీద పడ్డాయి. కరువొచ్చింది. మిజోలు దీన్ని 'మౌతమ్' అంటారు. సుమారు యాభై ఏళ్ళకోసారి వస్తుంది. 1959లో వచ్చింది, 2007 ప్రాంతంలో మళ్ళీ వచ్చింది. అయినా ఆ డబ్బా వంటింట్లోంచి కదల్లేదు. ఇప్పుడు ఈ గుప్పెళ్ళ మీద ఏటా వచ్చేది కోట్ల రూపాయల్లో ఉంటుంది.

ఇంజనీరు బుద్ధి కదా, లెక్కేశాను. గుప్పెడు యాభై గ్రాములనుకుంటే, రోజుకి రెండు పూటలు, ఏడాదికి 36 కిలోల పైమాటే. ఒక్క ఇంటి నుంచి!

నేనూ ఇచ్చేవాణ్ణి లెండి. మార్చి నెలలో, టాక్సు తగ్గుతుందని, అన్ని ఖర్చులూ పోను మిగిలినదాంట్లోంచి. ఆవిడ మాత్రం ఎసట్లో పడకముందే తీసేవారు. తేడా మొత్తం అక్కడే ఉంది.

నాకు చర్చితో పరిచయం లేదు. కానీ మా అమ్మమ్మ కూడా ధనుర్మాసంలో హరిదాసు గుమ్మంలోకొస్తే, తను వెయ్యకుండా నా చేతే ఆయన పాత్రలో బియ్యం పోయించేది. సగం గడప మీద ఒలకబోసేవాణ్ణి, అయినా మర్నాడు మళ్ళీ నన్నే పిలిచేది. దానం గొప్పదని ఒక్కసారీ చెప్పిన గుర్తు లేదు. చేతికి అలవాటు చేద్దామనుకుంది, అంతే. మావాడి చేతికి ఆ అలవాటు నిలిచింది. నాది ఎప్పుడు పోయిందో కూడా గుర్తులేదు.