పదాల తోకలు – పదార్థాల చుట్టరికాలు

వరంగల్లు బజారులో మందు దినుసులు అమ్మే దుకాణమునకు పోయి మైలుతుత్తము, అన్నభేది, సురేకారము కావాలంటే మూడు పొట్లాలు కట్టి ఇస్తారు. మొదటిది నీలము, రెండవది లేత ఆకుపచ్చ, మూడవది తెలుపు. మూడు పేర్లూ చక్కనివే; తరతరాలుగా వైద్యులూ, అద్దకమువారూ, బాణసంచావారూ వాడుకున్నవే. కాని వీటిలో మొదటి రెండూ ఒకే ఆమ్లమునుండి పుట్టిన లవణములనీ, మూడవది వేరే వంశమునకు చెందినదనీ ఆ పేర్లు చెప్పవు. రసాయన శాస్త్రజ్ఞుడు వీటినే కాపర్ సల్ఫేటు, ఫెర్రస్ సల్ఫేటు, పొటాసియం నైట్రేటు అంటాడు. మొదటి రెండింటిలో సల్ఫేటు అన్న మాట కనిపించగానే చుట్టరికము తెలిసిపోతుంది. మూడింటి చివరా ఉన్న "ఏటు" అనే తోక మరొక సంగతి కూడా చెబుతుంది.

ఐరోపాలో కూడ 18వ శతాబ్దము చివరి వరకు బజారు పేర్లే రాజ్యమేలినవి. నీలి విట్రియాలు, ఆకుపచ్చ విట్రియాలు, గ్లౌబర్ లవణము, ఎప్సమ్ లవణము – ఇవి నాలుగూ సల్ఫేటులే. అయినా ఒకదానికి రంగునుబట్టి, ఒకదానికి మనిషినిబట్టి, ఇంకొకదానికి ఊరినిబట్టి పేరు వచ్చింది. ఈ గందరగోళమును తీర్చడానికి 1787లో గయటన్ ద మోర్వో, లవాయిజే, బెర్తొలె, ఫూర్‌క్రువా అనే నలుగురు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కలిసి పారిస్‌లో నామకరణ విధానమును ప్రకటించారు. వారు చేసిన పని కొత్త పేర్లు పెట్టడము మాత్రమే కాదు. పేరు చివరనుండే ప్రత్యయమునకు ఒక నిర్ణీతమైన అర్థము కట్టబెట్టడమే అందులోని గొప్పతనము.

ఆ ఏర్పాటు ఇది. ఒకే మూలకము ఆక్సిజన్‌తో కలిసి రెండు ఆమ్లములు ఇస్తే, ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నదానికి "ఇక్" అనీ, తక్కువగా ఉన్నదానికి "అస్" అనీ తోక తగిలించాలి: సల్ఫ్యూరిక్ ఆమ్లము, సల్ఫ్యూరస్ ఆమ్లము. "ఇక్" ఆమ్లము ఇచ్చే లవణము "ఏటు"తోను, "అస్" ఆమ్లము ఇచ్చే లవణము "ఐటు"తోను ముగియాలి. కనుక సల్ఫేటు, సల్ఫైటు. ఆక్సిజన్ ప్రసక్తి లేకుండ గంధకము నేరుగా ఒక లోహముతో కలిస్తే అది సల్ఫైడు. ఈ "ఐడు" 1787నాటిది కాదు. ఫ్రెంచివారు అప్పుడు వేరే తోక వాడారు, ఇంగ్లీషులో "ఐడు" తరువాత స్థిరపడింది. హైడ్రాక్సైడు, సయనైడు వంటి కొన్ని మాటలు ఈ లెక్కకు లొంగవు. అయినప్పటికీ ఒక్క అక్షరము తేడాతో పదార్థపు కూర్పు చెప్పగల భాష అప్పటికి మరే శాస్త్రమునకూ లేదనే చెప్పాలి.

ఒక్క అక్షరమే గదా అని అలక్ష్యము చేయడానికి వీలులేదు. బావినీటిలో నైట్రేటు మితిమీరితే పాలు తాగే పసిబిడ్డలకు ప్రమాదము. నైట్రేటు తనంతట అంత హాని చేయదు. శిశువు కడుపులోని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చినప్పుడు అది రక్తములోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపానికి మార్చివేస్తుంది. బిడ్డ ఒళ్ళు నీలిరంగు తేలుతుంది. అందుచేతనే భారతీయ ప్రమాణములు త్రాగునీటిలో లీటరునకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండరాదంటున్నవి.

లోహముల పేర్లలోని "అస్", "ఇక్"లు ఇంకా కఠినమైనవి. మెర్క్యూరస్ క్లోరైడు నీటిలో దాదాపు కరగదు. కాలొమెల్ అనే పేరుతో దీనిని ఒకప్పుడు భేదిమందుగా వాడేవారు. ఇదీ నిరపాయకరము కాదని తరువాత తేలింది. మెర్క్యూరిక్ క్లోరైడు నీటిలో కరుగుతుంది, అది ప్రాణాంతకమైన విషము. రెండూ పాదరసము, క్లోరిన్ కలిసినవే. ప్రాణము నిలిచేదీ పోయేదీ ప్రత్యయములో ఉన్నది. 1896లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ ప్రకటించిన కొత్త పదార్థము పేరు మెర్క్యూరస్ నైట్రైటు. ఆ పేరులో "అస్", "ఐటు" రెండూ ఉన్నవి. ఈ రెండు తోకల అర్థము తెలిసిన విద్యార్థికి ఆ పేరే సగము పాఠము.

ఈ మాటలను తెలుగులోనికి తేవలసినవారి ఎదుట పెద్ద చిక్కే నిలిచింది. మొదలు అనువదించాలా, తోక అనువదించాలా, లేక రెండునా? కొమర్రాజు లక్ష్మణరావుగారు ముఖ్యులై 1906లో హైదరాబాదులో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి తెలుగులో శాస్త్ర గ్రంథములు వెలువరించింది. ఆ తరము పండితులు రెండింటినీ అనువదించడానికే పూనుకున్నారు. హైడ్రోజన్ ఉదజని అయింది, ఆక్సిజన్ ఆమ్లజని, నైట్రోజన్ నత్రజని. ఇక్కడ తోకకు తోక ఎంత చక్కగా కుదిరిందో చూడండి. "జెన్" అనే గ్రీకు ధాతువూ, "జన్" అనే సంస్కృత ధాతువూ ఒక తల్లి బిడ్డలే; రెండింటికీ పుట్టుట, పుట్టించుట అనే అర్థము. నత్రికామ్లములోని "ఇక" కూడ ఇంగ్లీషు "ఇక్"నకు దూరపు తోబుట్టువే. వైజ్ఞానిక, సామాజిక అన్న మాటలలో మనము నిత్యమూ వాడుతున్నదే. "ఏటు" లాటిన్‌లో "చేయబడినది" అనే అర్థమిచ్చే ప్రత్యయమునుండి వచ్చింది. కార్బొనేటును కర్బనితము అన్నవారు సరిగా అదే అర్థమిచ్చే "ఇత"ను ఎన్నుకున్నారు. నిఘంటువు ముందు పెట్టుకొని మాటకు మాట వేసే అనువాదకులకు తట్టే ఊహ కాదిది.

కాని నమ్మకమైన అనువాదము తప్పును కూడ నమ్మకముగానే మోస్తుంది. ఆమ్లములన్నిటిలోనూ ఆక్సిజన్ ఉండితీరుతుందని లవాయిజే భావించి "ఆమ్లమును పుట్టించేది" అని దానికి పేరు పెట్టాడు. 1810లో హంఫ్రీ డేవీ క్లోరిన్ మూలకమేననీ, ఉప్పునుండి తీసే ఆమ్లములో ఆక్సిజన్ లేనే లేదనీ తేల్చాడు. ఆమ్లములన్నిటిలో ఉండేది ఆక్సిజన్ కాదు, హైడ్రోజన్ అని తరువాత స్థిరపడింది. ఇంగ్లీషు విద్యార్థికి గ్రీకు రాదు గనుక ఆ తప్పు కనబడదు. తెలుగు విద్యార్థికి ఆమ్లజని అనగానే తప్పు సూటిగా చెవిలో పడుతుంది. అర్థమయ్యే పేరుకు ఉన్న కష్టము ఇది.

నిజాము రాష్ట్రములో ఉండిన వరంగల్లు విద్యార్థుల దారి మరొకటి. హనుమకొండలో 1904లోనే రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వెలసింది, తెలుగు పుస్తకము చదవదలచినవారికి చోటు ఉన్నది. బడిలో శాస్త్రము మాత్రము చాలమందికి ఉర్దూలోనే అందింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనభాషగా చేసుకొన్నది, దానికి పుస్తకములు సమకూర్చడానికి అనువాద శాఖ ఒకటి పనిచేసింది. అక్కడి ఉర్దూ ఆచార్యుడు వహీదుద్దీన్ సలీమ్ 1921లో "వజె ఇస్తిలాహాత్" అనే గ్రంథము వెలువరించాడు. అది పరిభాషను కూర్చే పద్ధతులను గురించిన పుస్తకము. అందులో ఉపసర్గలకూ ప్రత్యయములకూ పెద్దపీట. ఇంగ్లీషు "స్కోపు"నకు ఉర్దూలో "బీన్" అనే పారసీ తోక నిలిచింది: ఖుర్ద్‌బీన్, దూర్‌బీన్. తెలుగువారు అదే పనికి "దర్శిని" పెట్టుకొన్నారు: సూక్ష్మదర్శిని, దూరదర్శిని. మైక్రోస్కోపులో కన్నుపెట్టిన పిల్లవాడికి కనబడే ఉల్లిపొర ఒకటే, దానిని చూపే తోకలు మూడు. ఇంతకూ దూర్‌బీన్ మన పల్లెలకు కొత్తది కాదు. దుర్భిణిగా మారి తెలుగు నిఘంటువులలో ఎప్పుడో చేరిపోయింది.

1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ బోధన పోయి ఇంగ్లీషు వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, కళాశాల శాస్త్ర పాఠములు తెలుగులో అచ్చుకావడముతో పాత ప్రశ్న మళ్ళీ లేచింది. కాలక్రమమున పాఠ్యగ్రంథములలో మూలకముల పేర్లూ, సమ్మేళనముల పేర్లూ అంతర్జాతీయ రూపములోనే నిలిచినవి. క్రియలకూ పరికరములకూ చాలచోట్ల తెలుగు మాటలు నిలిచినవి. ఉదజని, ఆమ్లజని వెనుకకు తగ్గినవి. నత్రజని మాత్రము రైతు నోట యూరియా బస్తాతోపాటు బతికి ఉన్నది. తోకలు యథాతథముగా ఉంచుకోవడము మంచిదే అయింది. సమ్మేళనములు లక్షలలో పెరిగినప్పుడు ఐటు, ఏటు, ఐడులకు జతలు వెతుకుతూ కూర్చోవడము కుదిరే పని కాదు. పోయినది కూడ చిన్నది కాదు: ఉదజని అన్నప్పుడు నీటిని పుట్టించేదని పిల్లవాడు తానే విప్పుకొనేవాడు, హైడ్రోజన్ అన్నప్పుడు గురువు విప్పి చెప్పాలి. చెప్పకపోతే అది ఉత్త శబ్దము. లోహముల విషయములో ఆల్ఫ్రెడ్ స్టాక్ 1919లో సూచించిన అంకెల పద్ధతి ఇప్పుడు ఫెర్రస్, ఫెర్రిక్‌లను చాలమట్టుకు తప్పించింది. ఆమ్లముల "ఇక్", "అస్"లు ఇంకా వాడుకలోనే ఉన్నవి.

తోకను చూసి మోసపోవడము కూడ ఉన్నది. "ఐటు" అంటే ఆక్సిజన్ తక్కువైన లవణమని నేర్చుకొన్న విద్యార్థి హనుమకొండ గుట్టలను చూసి గ్రానైటు ఏ ఆమ్లపు లవణమని అడిగితే తప్పు అతనిది కాదు. రాళ్ళకూ ఖనిజములకూ తగిలే "ఐటు" గ్రీకునుండి వచ్చిన వేరే ప్రత్యయము, సల్ఫైటులోని దానితో దీనికి అర్థములో పొత్తు లేదు. కాకతీయుల నల్లరాతి పనిలో కనిపించే డోలరైటు ఈ కోవలోనిదే. మోసపుచ్చేది అనే అర్థమున్న గ్రీకు మాటనుండి దానికా పేరు, మరొక రాతితో పోల్చుకోవడము కష్టము గనుక. గ్రానైటు ఈ కోవలోనిది కూడ కాదు. ఇటాలియన్‌లో గింజలుగా ఉన్నది అనే అర్థమున్న గ్రనీతో అనే మాట అది. ఖొండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ ఒక రాతికి ఖొండలైటు అని పేరు పెట్టాడు. విశాఖపట్టణము కొండలలో అది పుష్కలము. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన ఫెర్మర్ మాంగనీసు గనులను పరిశీలిస్తూ, నేటి విజయనగరము జిల్లాలోని కోడూరులో దొరికిన రాతికి కోడురైటు అన్నాడు. మన ఊరి పేరు, గ్రీకు తోక.