డబ్బు కట్ అయింది, రసీదు రాలేదు: ఆన్‌లైన్ సేవల్లో లోపం ఎక్కడ?

బెంజ్ సర్కిల్‌లో బస్సు కోసం ఎదురుచూస్తూనే కరెంటు బిల్లు కట్టేయొచ్చు. ఏపీ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో ప్రారంభించిన ‘మన మిత్ర’ వాట్సాప్ నంబరు 95523 00009కు మెసేజ్ పెడితే చాలు. మరి ఖాతాలో డబ్బు కట్ అయి రసీదు రాకపోతే?

తెర వెనుక ఏం జరుగుతుంది?

మనకు కనిపించేది ఒక్క చాట్. దాని వెనుక వాట్సాప్, సమాధానమిచ్చే ప్రోగ్రామ్, డిస్కం బిల్లుల రికార్డు, పేమెంట్ గేట్‌వే, బ్యాంకు ఉంటాయి. ఒక్కోటి ఒక్కో సంస్థ చేతిలో ఉంటుంది. ఇవి ఏపీఐల ద్వారా మాట్లాడుకుంటాయి. ఒకటి ఆగినా పని ఆగుతుంది.

99 శాతం సరిపోదా?

99 శాతం సమయం పనిచేసే సేవ 30 రోజుల నెలలో 7 గంటల 12 నిమిషాలు ఆగొచ్చు. అలాంటివి ఐదు వరుసగా ఉండి, వేర్వేరు వేళల్లో ఆగితే మొత్తం లభ్యత సుమారు 95 శాతమే. అంటే నెలలో దాదాపు 36 గంటలు ఇబ్బందే. విడివిడిగా అన్నీ పాసైనా, గొలుసు ఫెయిల్ కావచ్చు.

యూపీఐ నేర్పిన పాఠం ఏంటి?

2025 ఏప్రిల్ 12న దేశవ్యాప్తంగా యూపీఐకి అంతరాయం కలిగింది. కొన్ని బ్యాంకులు ‘ఈ లావాదేవీ ఏమైంది?’ అనే వాకబును పాత లావాదేవీలకు కూడా పదేపదే పంపడంతో వ్యవస్థపై భారం పెరిగిందని ఎన్‌పీసీఐ తేల్చింది. ఆ తర్వాత ఇలాంటి వాకబులకు పరిమితి పెట్టింది. ఒక్కో లావాదేవీకి రెండు గంటల్లో మూడుసార్లే అడగాలి. 2025 ఆగస్టు 1 నుంచి మనం బ్యాలెన్స్ చూసుకోవడానికీ యాప్‌కు రోజుకు 50 సార్లే పరిమితి.

నాణ్యత కోసం ఏం చేయాలి?

• ప్రతి భాగాన్నీ విడిగానే కాదు, మెసేజ్ నుంచి రసీదు దాకా మొత్తంగా పరీక్షించాలి. బిల్లుల గడువు రోజుల రద్దీని ముందే లెక్కలోకి తీసుకోవాలి.
• ఎదుటి సేవ స్పందించకపోతే ఎంతసేపు ఆగాలో ముందే నిర్ణయించాలి. ఆ తర్వాత విషయం వినియోగదారుడికి స్పష్టంగా చెప్పాలి.
• ప్రతి చెల్లింపుకూ ఒకే గుర్తింపు సంఖ్య ఉండాలి. బటన్ రెండుసార్లు నొక్కినా డబ్బు ఒకసారే పోవాలి.
• అంతరాయాన్ని ప్రజల ఫిర్యాదు కంటే ముందే పసిగట్టే నిఘా ఉండాలి.

మీ డబ్బు ఆగిపోతే?

వెంటనే మళ్లీ కట్టొద్దు. ముందు బిల్లు స్టేటస్ చూసుకోండి. యూటీఆర్ నంబరు, స్క్రీన్‌షాట్ దాచుకుని యాప్‌లో, బ్యాంకులో ఫిర్యాదు చేయండి. 2019 సెప్టెంబరు నాటి ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం, యూపీఐతో వ్యాపార సంస్థకు చేసిన చెల్లింపులో డబ్బు కట్ అయి అటువైపు ధ్రువీకరణ అందకపోతే, ఆ రోజు తర్వాత 5 రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి. ఆపై ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలి. బ్యాంకు 30 రోజుల్లో స్పందించకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.