అనంతపురం ఎవరి పక్షం?

2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు, ఒక్కటి తప్ప అన్నీ, అనంతపురంలోనే జరిగాయి. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ వాళ్ల మైదానంలో. జట్ల పేర్లు ఇండియా ఎ, బి, సి, డి. వాటికి ఊరు లేదు, రాష్ట్రం లేదు. మరి జనం ఎవరి కోసం అరవాలి? అయినా అరిచారు. ఒక కుర్రాడైతే లోపలికి పరిగెత్తి రుతురాజ్ గైక్వాడ్ కాళ్లకు మొక్కాడు.

1970ల మొదట్లో బ్రిస్టల్‌లో హెన్రీ టాజ్‌ఫెల్ బడిపిల్లల్ని ఏ అర్థమూ లేని కారణాలతో రెండు గుంపులు చేశాడు. ముఖాలైనా తెలియకపోయినా పిల్లలు తమ గుంపుకే ఎక్కువ డబ్బు పంచారు. ఆ లెక్కన ఎ, బి, సి, డి అక్షరాలే చాలాలి. కానీ ఇక్కడ వాటిని పట్టించుకున్నవాళ్లు తక్కువేనని నా ఉద్దేశం. జనం వెంట తెచ్చుకున్నది ఐపీఎల్ అభిమానాన్ని.

అది కూడా తిన్నగా లేదు. 1800లో నిజాం దత్త మండలాలను కంపెనీకి ఇచ్చేయడంతో ఈ నేలకు హైదరాబాదుతో బంధం తెగింది. 1882లో బళ్లారి నుంచి విడిపోయి జిల్లా అయింది. 1953 అక్టోబరు దాకా మద్రాసు కిందే. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఆ సీజన్‌లోనే సి.కె. నాయుడు కెప్టెన్‌గా ఆంధ్ర జట్టు రంజీలోకి దిగింది. 1956లో రాష్ట్రాలు కలిశాయి గానీ రంజీ జట్లు కలవలేదు. క్రికెట్ పటంలో రాష్ట్ర విభజన ఎప్పుడూ ఉన్నదే.

ఐపీఎల్‌లో మాత్రం తెలుగువాళ్లకున్నది హైదరాబాదు జట్టొక్కటే. డెక్కన్ చార్జర్స్ 2008లో అట్టడుగున, 2009లో కప్పుతో, 2012 తర్వాత అసలు లేనే లేదు. జట్టే మాయమైతే అభిమాని ఎక్కడికి పోవాలి? ఇటు చూస్తే బెంగళూరు రెండొందల కిలోమీటర్ల చిల్లర. వేరుశనగ ఎండిపోయిన ఏడు పల్లెలు బస్సెక్కేది అక్కడికే. 2016 మే 29న ఫైనల్లో సన్‌రైజర్స్ 8 పరుగులతో బెంగళూరును ఓడించింది. ఆ రాత్రి ఒకే ఇంట్లో అన్న ఒకవైపు, తమ్ముడు ఒకవైపు ఉన్నారంటే నమ్మడం కష్టం కాదు.

గెలిస్తే 'మనం గెలిచినాం', ఓడితే 'వాళ్లు ఓడినారు' అనే గుణాన్ని 1976లో రాబర్ట్ చాల్దీని అమెరికా విద్యార్థుల్లో పట్టుకున్నాడు. బెంగళూరు అభిమాని ఈ సూత్రానికి లొంగడు. 2008 నుంచి 2025 జూన్ 3 దాకా కప్పు లేకపోయినా అతను 'వాళ్లు' అనలేదు. ఏటా 'ఈ సల కప్ నమ్దే' అన్నాడు. వచ్చే ఏడన్నా పండుతుందిలే అని మళ్లీ విత్తనం కొనే చోట ఈ మాట వింతగా వినిపించదు (ఇది మరీ కవిత్వమయిందంటే ఒప్పుకుంటాను).

మళ్లీ దులీప్ సంగతి. ఆ టోర్నీలో అందరికంటే ఎక్కువ పరుగులు, 359, చేసింది రికీ భుయ్. పుట్టింది భోపాల్‌లో, రంజీ ఆడేది ఆంధ్రకు. రెండు సెంచరీలూ అనంతపురంలోనే కొట్టాడు. సంజు శాంసన్‌నో శ్రేయస్ అయ్యర్‌నో చూద్దామని వచ్చినవాళ్లలో, ఈ పిల్లోడు మన జట్టోడే అని పక్కవాడికి చెప్పినవాళ్లు ఎంతమందో!