గ్రహాల ఛాయాచిత్రణ
గ్రహాల ఛాయాచిత్రణ అనగా దూరదర్శినికి కెమేరాను అమర్చి గ్రహాలను, వాటి ఉపగ్రహాలను చిత్రించే ప్రక్రియ. నీహారికలను తీయుటకు చీకటి ఆకాశం అవసరం. గ్రహాలు ప్రకాశవంతమైనవి కనుక దీపాల వెలుగు వాటికి పెద్ద ఆటంకం కాదు. అందువలన సంగారెడ్డి జిల్లాలోని బొంతపల్లి, పటాన్‌చెరు వంటి పారిశ్రామిక ప్రాంతాలలో కూడా ఇంటి పెరటి నుండి దీనిని చేయవచ్చు.

అనుకూలతలు, ఆటంకాలు
గ్రహాలు క్రాంతివృత్తానికి చేరువలో సంచరిస్తాయి. బొంతపల్లి సుమారు 17.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నందున, క్రాంతివృత్తపు దక్షిణ కొన కూడా ఇక్కడ దాదాపు 49 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. లండన్‌లో అది 15 డిగ్రీలే. గ్రహం ఎంత ఎత్తున ఉంటే దాని కాంతి అంత తక్కువ గాలిని దాటి వస్తుంది.
అసలు ఆటంకం గాలి కదలిక. పగలు వేడెక్కిన కాంక్రీటు కప్పులు, పొగగొట్టాల నుండి లేచే వేడిగాలి బింబాన్ని అల్లాడిస్తాయి. కనుక వాటి మీదుగా చూడక, నేల చల్లారిన పిదప చిత్రించుట మేలు.

పద్ధతి
గురుడు భూమికి అతి సమీపంలో ఉన్నప్పుడు కూడా బింబం సుమారు 50 ఆర్క్ సెకండ్లే. చంద్రబింబం అంతకు 37 రెట్లు పెద్దది. బార్లో కటకంతో బింబాన్ని పెంచి, వేల ఫ్రేముల వీడియో తీస్తారు. గాలి నిలకడగా ఉన్న క్షణాల ఫ్రేములను ఆటోస్టాకర్ట్, రిజిస్టాక్స్ వంటి సాఫ్ట్‌వేర్ ఏరి, ఒకదానిపై ఒకటి పేర్చి, స్పష్టమైన చిత్రాన్ని తయారుచేస్తుంది. గురుడు 10 గంటలలోపే ఒక భ్రమణం పూర్తిచేస్తాడు. అందుచేత వీడియో రెండు మూడు నిమిషాలు మించితే వివరాలు చెదురుతాయి.
సూర్యునికి దగ్గరలో ఉన్న బుధ, శుక్ర గ్రహాలను తీసేటప్పుడు దూరదర్శిని సూర్యునివైపు తిరగకుండా జాగ్రత్త వహించాలి.

ఉపగ్రహాలు
1610లో గెలీలియో చూసిన అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో చిన్న దూరదర్శినికి కూడా అందుతాయి. ఇవి వరుసగా 1.77, 3.55, 7.15, 16.69 రోజులలో గురుని చుట్టి వస్తాయి. కొన్ని వారాలు ప్రతి రాత్రి తీసిన చిత్రాలను పోల్చి విద్యార్థులు ఈ కాలాలను స్వయంగా లెక్కించవచ్చు. శని ఉపగ్రహాలలో టైటాన్ తేలికగా చిక్కుతుంది.

ప్రాముఖ్యత
హైదరాబాదులోని నిజామియా వేధశాల 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత వేధశాలగానే ప్రారంభమై, 1908లో నిజాం ప్రభుత్వ అధీనంలోకి వచ్చింది. నేటికీ ఔత్సాహికుల చిత్రాలు శాస్త్రానికి ఉపకరిస్తున్నాయి. 2009 జూలై 19న ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ తన ఇంటి దూరదర్శినితో గురునిపై ఒక కొత్త నల్లమచ్చను గుర్తించాడు. అది ఒక ఖగోళ శకలం ఢీకొన్న గుర్తు అని తేలింది. కొద్ది రోజులకే హబుల్ దూరదర్శిని దానిని చిత్రించింది.